పాఠకుల ప్రశ్నలు: రోహిణి కార్తెలో ప్రాసెసర్ వేగం పెంచవచ్చా?

ఈ నెల అందిన ఉత్తరాలలో చాలా భాగం ఓవర్‌క్లాకింగ్ గురించి, అంటే తయారీదారు నిర్ణయించిన హద్దును దాటి ప్రాసెసర్‌ను వేగంగా నడపడం గురించి, దానితో వచ్చే వేడి గురించి అడిగినవే. గోదావరి డెల్టాలోని ఎండ, ఉక్కపోత, కరెంటు ఈ వ్యవహారంలో ఎంతగా తలదూరుస్తాయో ఆ ఉత్తరాలు చదివితేనే తెలుస్తోంది. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించి, ఐదు ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను పెళ్లిళ్ల ఫోటో, వీడియో స్టూడియో నడుపుతున్నాను. నా కంప్యూటరులో ఉన్నది రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు. కూలర్ మాత్రం ప్రాసెసర్ డబ్బాలో వచ్చినదే. వైశాఖ మాసపు ముహూర్తాలు మొదలైతే పని గుట్టగా పేరుకుపోతుంది. ఒక్కొక్క పెళ్లి వీడియో రెండరింగుకు, అంటే ఎడిట్ చేసినదాన్ని తుది ఫైలుగా తయారుచేయడానికి, రెండు గంటలు పడుతోంది. ఆ సమయంలో ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు, అంటే కోర్లన్నీ, 4.3 గిగాహెర్ట్‌జ్ వద్ద, 1.20 వోల్టుల దగ్గర నడుస్తున్నాయి. మాకు కంప్యూటరు అసెంబుల్ చేసి ఇచ్చిన కుర్రవాడు 1.35 వోల్టులు పెట్టి 4.6కు తీసుకువెళతానంటున్నాడు. మా గది మేడ మీద వేసిన రేకుల షెడ్డు. చేయించుకోమంటారా? వేడి ఎంత ఉన్నదో ఎలా చూసుకోవాలి? (తణుకు)

జవాబు: ముందు లాభం లెక్క వేద్దాం. 4.3 నుండి 4.6కు పెరగడమంటే ఏడు శాతం. రెండరింగు భారమంతా ప్రాసెసర్ మీదనే పడుతున్నదని అనుకున్నా 120 నిమిషాల పని సుమారు 112 నిమిషాలకు దిగుతుంది, అంటే వీడియోకు ఎనిమిది నిమిషాలు కలిసివస్తాయి. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పనిలో కొంత భాగాన్ని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తూ ఉంటే అవి కూడా పూర్తిగా దక్కవు. రెండరింగు జరుగుతుండగా టాస్క్ మేనేజర్ తెరచి, ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిచేస్తున్నదో, లేక సగంలో ఆగి హార్డ్ డిస్కు కోసమో గ్రాఫిక్స్ కార్డు కోసమో ఎదురుచూస్తున్నదో ఒకసారి చూడండి. సగంలోనే ఉంటే ఈ చర్చ అక్కడితో ముగిసినట్టే.

ఇక ఖర్చు వైపు చూద్దాం. ప్రాసెసర్ పనిచేసేటప్పుడు వెలువడే వేడి దాని వేగాన్ని అనుసరించి పెరుగుతుంది, వోల్టేజీని బట్టి అయితే వర్గం చొప్పున పెరుగుతుంది. 1.20 వోల్టులను 1.35 చేస్తే ఆ ఒక్క కారణం చేతనే వేడి 27 శాతం పెరుగుతుంది. వేగం తెచ్చే ఏడు శాతాన్ని దానికి కలిపితే మొత్తం పెరుగుదల 35 శాతం దాకా వస్తుంది. అనగా ఎనిమిది నిమిషాల కోసం మూడో వంతుకు పైగా అదనపు వేడిని మీ రేకుల షెడ్డులోకి ఆహ్వానిస్తున్నారు.

కూలర్ ఎంత మంచిదైనా గదిలో ఉన్న గాలితోనే పనిచేయాలి, ఆ గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచడం దాని వల్ల కాదు. కాబట్టి మీరు చూడవలసినది ప్రాసెసర్ ఉష్ణోగ్రతను మాత్రమే కాదు, ఆ ఉష్ణోగ్రతకూ గది ఉష్ణోగ్రతకూ మధ్య ఉన్న తేడాను. ఒక ఉదాహరణ చెబుతాను. జనవరి ఉదయం గది 24 డిగ్రీలు, పూర్తి భారంలో ప్రాసెసర్ 74 డిగ్రీలు ఉన్నాయనుకోండి, తేడా 50. మే నెల మధ్యాహ్నం మీ షెడ్డు 38కి చేరితే అదే ప్రాసెసర్ 88కి చేరుతుంది. ఇప్పుడు వేడి 35 శాతం పెరిగితే ఆ 50 కాస్తా 67 అవుతుంది. జనవరిలో 91 డిగ్రీల దగ్గర ఎలాగో గట్టెక్కుతుంది గాని మే నెలలో 105 కావాలి, మీ ప్రాసెసర్‌కు ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు 95. అది 105 దాకా పోదు. 95 తాకగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు డబ్బు ఖర్చుపెట్టి పెంచుకున్న వేగం సరిగ్గా ముహూర్తాల రోజుల్లోనే మాయమవుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న మాట మన దగ్గర ఊరికే పుట్టలేదు.

ఈ పాఠం నేను కూడా చేతులు కాల్చుకునే నేర్చుకున్నాను. 1999లో రాజమండ్రిలో ఇంటెల్ సెలెరాన్ 300ఏ కొన్నాను. ప్రాసెసర్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారిని బస్సు అంటారు. 66 మెగాహెర్ట్‌జ్ బస్సును 100కు మారిస్తే 300 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్ 450 వద్ద నడిచేది, ఆ రోజుల్లో దానికి అదే పెద్ద పేరు. ధనుర్మాసంలో అది బ్రహ్మాండంగా నడిచింది. మే నెల వచ్చేసరికి అరగంటకొకసారి తెర బిగుసుకుపోయేది. కేబినెట్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టుకుని పని చేసుకున్నాను, చివరకు జూన్ వానలు పడేదాకా 300 దగ్గరే ఉంచేశాను. ప్రాసెసర్‌ను చలికాలంలో పరీక్షించి శభాష్ అనుకోవడం నది ఎండిపోయినప్పుడు గట్టు బలం చూడడం వంటిది.

వేడిని కొలవడానికి హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. తెరచేటప్పుడు సెన్సార్లు మాత్రమే చూపమని అడగండి. ప్రతి వరుసకూ ప్రస్తుత విలువ, కనిష్ఠం, గరిష్ఠం, సగటు కనిపిస్తాయి. మీ ప్రాసెసర్‌కు సంబంధించి ‘టీసీటీఎల్’, ‘టీడై’ అని రాసి ఉన్న వరుసను, అందులోనూ గరిష్ఠం గడిని చూడండి. బయోస్ తెరలో, అంటే కంప్యూటరు ఆన్ కాగానే విండోస్ కంటే ముందు తెరచుకునే అమరికల తెరలో, కనిపించే ఉష్ణోగ్రతను నమ్ముకోవద్దు, అక్కడ ప్రాసెసర్ మీద భారమే ఉండదు. తేలిక పని చేసేటప్పుడు వోల్టేజీ 1.4 దాటి క్షణకాలం ఎగిరినట్టు కనబడితే కంగారుపడకండి. ఒకటి రెండు కోర్లకు మాత్రమే పని ఉన్నప్పుడు ప్రాసెసర్ కావాలనే అలా చేస్తుంది. అదే వోల్టేజీని కోర్లన్నింటికీ గంటల తరబడి బిగించి ఇవ్వడం వేరు సంగతి. గోడకు తగిలించే చిన్న థర్మామీటరు ఒకటి కొని, కేబినెట్‌లోకి గాలి పోయే వైపున పెట్టండి. తేదీ, వేళ, గది ఉష్ణోగ్రత, ప్రాసెసర్ గరిష్ఠం, వాటి మధ్య తేడా అని ఒక నోటుపుస్తకంలో ఐదు గడులు గీసి, నెలకు రెండుసార్లు ఒకే వీడియోను రెండర్ చేసి రాసుకోండి. ఆ తేడా 50 నుండి 56, 60 అని మెల్లగా పైకి పోతున్నదంటే కూలర్ రెక్కల్లో దుమ్ము పట్టినట్టు, లేదా ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండినట్టు. గది వేడెక్కడానికీ కూలర్ చెడడానికీ ఉన్న భేదం ఈ పుస్తకం లేకుండా పట్టుకోవడం కష్టం.

ఇంతకూ నా సలహా ఏమిటంటే, ఆ కుర్రవాడు చెప్పిన పద్ధతికి ఒప్పుకోకండి. వోల్టేజీని పెంచడానికి బదులు తగ్గించి చూడండి. మీ బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే అమరిక ఉంటుంది. అందులో అన్ని కోర్లకూ మైనస్ 10 ఇస్తే, ఒక్కొక్క అంకెకు సుమారు మూడు నుండి ఐదు మిల్లీవోల్టుల చొప్పున వోల్టేజీ తగ్గుతుంది. మీ ప్రాసెసర్‌కు మొత్తం 76 వాట్ల విద్యుత్ హద్దు ఉన్నది కనుక, వోల్టేజీ తగ్గినప్పుడు మిగిలిన వాట్లను అది వేగానికి వాడుకుంటుంది. చల్లగా ఉంటూనే కొంచెం వేగం పెరగడం ఇందులోని సొగసు. వారం రోజులు ఏ చిక్కూ రాకపోతే మైనస్ 15కు పోవచ్చు. తెర నీలమై ఆగిపోయినా, కంప్యూటరు ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు తనంతట రీస్టార్ట్ అయినా ఒక మెట్టు వెనక్కి రావాలి. దీనికి తోడు డబ్బా కూలర్‌ను తీసేసి, నాలుగు రాగి గొట్టాలున్న టవర్ కూలర్ ఒకటి వేయించుకుంటే మీ సీజను ప్రశాంతంగా గడుస్తుంది.

అయినా పెంచి చూడాలన్న కోరిక తీరకపోతే, టవర్ కూలర్ వేసిన తరువాతనే మొదలుపెట్టండి. ముందుగా బయోస్‌లో ఇప్పటి అమరికలను ఒక ప్రొఫైలుగా దాచుకోండి. వేగాన్ని ఒక్కసారికి 50 మెగాహెర్ట్‌జ్ మాత్రమే పెంచి, సినీబెంచ్ అనే భారపరీక్ష ప్రోగ్రాంను పది నిమిషాలు నడపండి. నిలబడితే ఇంకో 50. పడిపోయిన చోట మాత్రమే వోల్టేజీకి కొద్దిపాటి మెట్టు జోడించండి. పూర్తి భారంలో 1.30 వోల్టులు, మధ్యాహ్నం మూడు గంటల వేళ మీ షెడ్డులో 85 డిగ్రీలు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అక్కడ ఆగమని నేను చెబుతాను. ఇది కంపెనీ గీసిన గీత కాదు, ఏళ్ల తరబడి యంత్రాలు విప్పి బిగించిన మీదట నేను గీసుకున్న గీత. కంప్యూటరు అసలు తెర చూపకపోతే భయపడవద్దు. కరెంటు తీసేసి, మదర్‌బోర్డు మీద బయోస్ అమరికలను చెరిపేందుకు ఉన్న సీమాస్ జంపరు అనే చిన్న పిన్నులను కలిపితే, లేదా రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెడితే ఫ్యాక్టరీ అమరికలు తిరిగి వస్తాయి. ఓవర్‌క్లాకింగ్ వల్ల చెడిన ప్రాసెసర్‌కు వారంటీ వర్తించదని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: నా దగ్గర కోర్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, బి660 బోర్డు ఉన్నాయి. బయోస్‌లో ఎంత వెతికినా వేగం పెంచే అమరిక కనబడలేదు. బోర్డు లోపమా? (రాజోలు)

జవాబు: లోపం కాదు. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ‘కె’ అక్షరం ఉన్నవాటికే గుణకాన్ని, అంటే ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే అంకెను, పెంచుకునే తాళం తీసి ఉంటుంది, దానికి జెడ్ వరుస బోర్డు కూడా ఉండాలి. మీకు రెండూ లేవు. అయితే మీ బోర్డులో మెమొరీ వేగాన్ని మాత్రం మార్చుకోవచ్చు. చాలామంది 3200 వేగం గల మెమొరీ కొని, బయోస్‌లో మెమొరీని దాని పూర్తి వేగానికి తెచ్చే ఎక్స్ఎంపీ అనే అమరికను ఆన్ చేయడం మరచిపోయి, ఏళ్ల తరబడి 2133 లేదా 2666 వద్దనే నడుపుకుంటూ ఉంటారు. టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీ తెరచి అక్కడ కనిపించే వేగాన్ని, మెమొరీ స్టిక్కు మీద అంటించిన కాగితంతో పోల్చి చూడండి. ఒకే స్టిక్కు వేసి ఉంటే అలాంటిదే రెండోది కొనడం ఏ ఓవర్‌క్లాకింగ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: ఐ5-12600కె, జెడ్690 బోర్డు. పెద్ద కోర్లను 5.0 గిగాహెర్ట్‌జ్‌కు, 1.30 వోల్టులకు పెట్టాను. పగలు ప్రైమ్95 అనే భారపరీక్ష ప్రోగ్రాం గంటసేపు నడిపితే ఏమీ కాలేదు, గరిష్ఠంగా 86 డిగ్రీలు చూపించింది. రాత్రి పదకొండు దాటాక గేమ్ ఆడుతూ ఉంటే మాత్రం వారంలో రెండు మూడుసార్లు టక్కున రీస్టార్ట్ అవుతోంది. ఇల్లు చెరువుల మధ్యన ఉంది. (భీమవరం దగ్గర)

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యమే అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ ప్రాసెసర్ హద్దు 100 డిగ్రీలు. పగటి వేడిలో 86 వద్ద నిలబడినది, చల్లబడిన రాత్రి వేళ వేడి వల్ల పడిపోదు. అందుచేత అనుమానించవలసినవి రెండు: కోర్లకు అందే వోల్టేజీ చాలకపోవడం, ఇంటికి వచ్చే కరెంటు. రాత్రి చేపలు, రొయ్యల చెరువుల నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక రైతులు నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లను ఆ వేళకే వరసగా వేస్తారు. ఆ మోటార్లు ఒక్కసారి అందుకున్నప్పుడు మీ ఇంట్లో ట్యూబులైటు మిణుకుమంటున్నదా, ఫ్యాను మందగిస్తున్నదా అన్నది గమనించండి.

ఈ రెండింటిని విడదీయడానికి విండోస్‌లో జరిగిన సంఘటనల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్ తెరచి, రీస్టార్ట్ అయిన నిమిషానికి ముందు వెనుకల ఏమి నమోదైనదో చూడండి. ‘వీయా లాగర్’ పేరుతో హార్డ్‌వేర్ తప్పిదం నమోదై ఉంటే ప్రాసెసర్ లెక్క తప్పినట్టు, మీ ఓవర్‌క్లాకింగే దోషి. ‘కెర్నెల్ పవర్ 41’ ఒక్కటే ఉండి, దానికి ముందు ఏ ఫిర్యాదూ లేకపోతే కరెంటు మీదకు అనుమానం మళ్లుతుంది. అయినా అది రుజువు మాత్రం కాదు. రుజువు కావాలంటే ఒక వారం పాటు బయోస్‌ను మామూలు అమరికలకు తెచ్చి, అదే గేమ్‌ను అదే వేళకు ఆడండి. అప్పుడూ రీస్టార్ట్ అయితే ప్రాసెసర్‌ను నిందించి లాభం లేదు.

గంటసేపు ప్రైమ్95 నెగ్గినంత మాత్రాన నిలకడ తేలినట్టు కాదని కూడా చెప్పాలి. అది భారాన్ని ఒకే తీరున మోపుతుంది. గేమ్‌లో భారం క్షణంలో లేచి క్షణంలో పడుతుంది, ఆ ఎత్తుపల్లాలలోనే వోల్టేజీ జారుతుంది. మీరు 1.30 అని రాసినా భారం పడినప్పుడు కోర్లకు నిజంగా అందేది అంతకన్నా తక్కువే. హెచ్‌డబ్ల్యుఇన్ఫోలో ‘వీకోర్’ వరుస కనిష్ఠం గడిలో అది కనబడుతుంది. ఈ జారుడును సరిదిద్దే లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అనే అమరికను మధ్య మెట్టులో ఉంచండి. చిట్టచివరి మెట్టుకు పెడితే భారం దిగిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగిరి, ప్రాసెసర్‌కు అదే చేటు చేస్తుంది. 100 మెగాహెర్ట్‌జ్ తగ్గించుకుని 4.9 వద్ద హాయిగా ఉండడం నాకైతే మేలనిపిస్తుంది.

కరెంటే కారణమని తేలితే యూపీఎస్ తప్పదు. ఇంటికి వాడే ఇన్వర్టరు మీదనే నడుపుతున్నట్లయితే దాని వెనుక ఉండే చిన్న స్విచ్చు ‘యూపీఎస్’ వైపు ఉన్నదో లేదో చూడండి. రెండో వైపు ఉంటే కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే లోపలే కంప్యూటరు ఆగిపోతుంది. కొత్తగా కొనేటట్లయితే ప్యూర్ సైన్ వేవ్ (నునుపైన తరంగంగా కరెంటు ఇచ్చేది) అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి, ఈనాటి మంచి పవర్ సప్లైలలో కొన్ని నాసిరకం తరంగంతో సరిపడక బ్యాటరీకి మారిన క్షణంలోనే ఆగిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కంప్యూటరు వేగం పెంచానని చెప్పి, పక్క రేకు తీసేసి, నీళ్లు పోసే ఎయిర్ కూలరును సరిగ్గా దాని ఎదురుగా పెడుతున్నాడు. పది డిగ్రీలు తగ్గిందమ్మా అంటున్నాడు. నాకెందుకో భయంగా ఉంది. (అమలాపురం)

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే, మీ అబ్బాయి చెప్పిన అంకె కూడా అబద్ధం కాకపోవచ్చు. నీటి కూలరు గాలిని చల్లబరచడం నీరు ఆవిరి కావడం వల్లనే జరుగుతుంది. కోనసీమ గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆవిరయ్యేది తక్కువ, చల్లదనమూ తక్కువ. పది డిగ్రీలలో ఎక్కువ భాగం ఆ పెద్ద ఫ్యాను గాలి విసురు తెచ్చినదే అయి ఉంటుంది. నీళ్లు పోయకుండా ఉత్త ఫ్యానుగా నడిపి చూడమనండి, తేడా ఎంత స్వల్పమో అతనికే తెలుస్తుంది.

నీళ్లు పోసి నడిపినప్పుడు గాలితో పాటు సన్నని తుంపరలు కూడా వస్తాయి. మీ కూలరు గడ్డి తడికలను ఒకసారి బయటకు తీసి ఎండలో చూడండి. అంచుల వెంబడి తెల్లగా, గరుకుగా పెచ్చు కట్టి ఉంటుంది. అది బోరు నీటిలోని లవణం. ఆ తుంపర బోర్డు మీద పడి ఆరితే అదే తెల్లదనం అక్కడా మిగులుతుంది, రాత్రి తేమ తగలగానే కరెంటుకు దొంగదారి వేసి రాగి గీతలను తినేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కిటికీ ఊచలకు పట్టే తుప్పు చూసిన మీకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

పక్క రేకు మూసి ఉంచమనండి. ముందు నుండి చల్లగాలి లోపలికి, వెనుక నుండి వేడిగాలి బయటకు పోయేలా రెండు ఫ్యాన్లు ఉంటే మూసిన కేబినెట్‌లోనే గాలి సక్రమంగా నడుస్తుంది. తెరచిన కేబినెట్‌లోకి దుమ్ముతో పాటు బల్లులు, నల్లచీమలు కూడా చేరతాయి. బల్లి గుడ్డు పెట్టిన పవర్ సప్లైని నేను స్వయంగా విప్పాను. మూడు నెలలకొకసారి ఆరుబయట బ్లోయరుతో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ఏడాదికో రెండేళ్లకో పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టుకుంటే చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం పొరపాటు.

ప్రశ్న: నాది ఐ7-13700కె. నేను ఏనాడూ ఓవర్‌క్లాక్ చేయలేదు. అయినా ఈ తరం ప్రాసెసర్లు వాటంతట అవే పాడవుతున్నాయని మా మేనల్లుడు అంటున్నాడు. నిజమేనా? (పాలకొల్లు)

జవాబు: నిజమే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీని అడిగి తీసుకుంటున్నాయని, దానివల్ల లోపలి ఒక భాగం అకాలంగా అరిగి నిలకడ తప్పుతున్నదని ఆ సంస్థ 2024లో ఒప్పుకున్నది. దిద్దుబాటుగా ఆ ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లను, అంటే ప్రాసెసర్ లోపలి నడకను శాసించే చిన్న ప్రోగ్రాములను, విడుదల చేసి, ఆ ప్రాసెసర్లకు వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. వోల్టేజీ ఎంత నిశ్శబ్దంగా హాని చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కరలేదు. వేడి అయితే తెర మీద కనబడుతుంది, ఇది నెలల తరువాత గాని బయటపడదు.

ఈ మైక్రోకోడ్ మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. హెచ్‌డబ్ల్యుఇన్ఫో ప్రాసెసర్ పేజీలో మైక్రోకోడ్ సంఖ్య కనిపిస్తుంది, ముందు అది చూసుకోండి. పాతదైతే బోర్డు తయారీదారు సైటు నుండి మీ మోడల్‌కు సరిపోయే తాజా బయోస్ తెచ్చుకుని, కంప్యూటరును యూపీఎస్ మీద పెట్టి, గాలివానకు కరెంటు ఊగిసలాడే సాయంత్రం కాకుండా తెరిపిగా ఉన్న ఉదయం చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పడిపోవచ్చు. ఆ తరువాత ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అనే ప్రొఫైలును ఎంచుకోండి, ఎందుకంటే కొన్ని బోర్డులు తయారీలోనే విద్యుత్ హద్దులను ఎత్తివేసి వస్తాయి. మీ ప్రాసెసర్‌కు ఉండవలసిన గరిష్ఠ హద్దు 253 వాట్లు.

అప్‌డేట్ ఇకముందు జరిగే అరుగుదలను ఆపుతుంది గాని జరిగిపోయినదాన్ని బాగుచేయదు. గ్రాఫిక్స్ డ్రైవరు మధ్యలోనే విఫలమవడం, కార్డులో మెమొరీ ఉండగానే వీడియో మెమొరీ చాలడం లేదని గేమ్ ఆగిపోవడం వంటివి అప్పటికీ కనబడుతూ ఉంటే, వోల్టేజీని కొంచెం పెంచి కప్పిపుచ్చుదామని చూడకుండా, కొన్న బిల్లు వెతికి పట్టుకుని వారంటీ కింద మార్పించుకోండి.